వెన్నుపామును బిగించిన నీరు

కాజీపేట జంక్షనులో బండి దిగి బయటికి వచ్చినవారికి మొదట కనిపించేవి రాతిగుట్టలు. మడికొండ వైపు వెళ్ళినా, హనుమకొండ వైపు వెళ్ళినా మోకరించిన ఏనుగుల వలె బూడిదరంగు బండలే. ఈ రాయి గ్రానైటు. ఇట్టి రాయే ఇక్కడినుండి భువనగిరి కోటగుట్ట మీదుగా నల్లగొండ దాకా నేల పైనా, నేల లోపలా పరచుకొని ఉన్నది. గ్రానైటు బండకూ మనిషి వెన్నుపాముకూ ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చును. సంబంధము ఉన్నది, అదియే ఈ వ్యాసమునకు విషయము.

ఆ మధ్య ఇంటర్మీడియేటు తరగతిలో నాడీమండలము పాఠము చెప్పుతుండగా ఒక విద్యార్థి లేచి, "సార్, చెయ్యి విరిగితే అతుకుతది గదా, వెన్నుపాము తెగితే ఎందుకు అతకది?" అని అడిగినాడు. రైల్వే ఉద్యోగుల పిల్లలు ఎక్కువగా చదువుకునే ఊరు ఇది. పట్టాల మీద పడి నడుము విరిగినవారిని గూర్చి వారు ఇంటిలోనే విని ఉంటారు. ప్రశ్న చిన్నదే గాని, దానికి సమాధానము చెప్పడానికి నాకు ఆ గంట చాలలేదు. చెప్పుతూ చెప్పుతూ నేను పొదిలికి, నల్లగొండకు వెళ్ళవలసి వచ్చినది. ఏలననగా, ఏ ప్రమాదమూ జరుగకుండానే, చెట్టు మీదనుండి పడకుండానే, కేవలము త్రాగిన నీటివలన వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పడిపోయిన మనుషుల చరిత్ర మన తెలుగుదేశములోనే ఉన్నది. వైద్యులు వెన్నుపామును ఎంతవరకు బాగుచేయగలరు, ఎక్కడ చేతులెత్తవలసి వస్తున్నది అనే సంగతి ఆ చరిత్రలో స్పష్టముగా కనిపిస్తుంది.

మొదట వెన్నుపామును గూర్చి రెండు మాటలు. పెద్దవారిలో ఇది సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవ్రేలంత లావు ఉంటుంది. మెదడునుండి దిగి, వెన్నుపూసల నడుమనున్న ఎముక గొట్టములో భద్రముగా కూర్చుండి, నడుములోని మొదటి రెండు పూసల దగ్గర ముగుస్తుంది. దీనినుండి 31 జతల నాడులు శరీరమంతటికీ పోతవి. రైలుమార్గమునకు వలెనే దీనిలోనూ అప్పు, డౌను లైన్లు ఉన్నవి. చర్మము, కీళ్ళు పంపే వార్తలు పైకి పోతవి. కండరములకు మెదడు ఇచ్చే ఆజ్ఞలు క్రిందికి వస్తవి. నడుమ దారి మూసుకుంటే పైన మెదడూ బాగానే ఉంటుంది, క్రింద కాలి కండరములూ ఉంటవి. కాని ఒకదాని మాట ఒకదానికి అందదు.

దారి మూసుకోవడము రెండు విధములు. పట్టాయే తెగిపోవచ్చు. లేదా పట్టా బాగానే ఉండి దాని మీద బండరాయి దొర్లిపడవచ్చు. రెండవ సందర్భములో రాయిని తొలగిస్తే బండ్లు మళ్ళీ నడుస్తవి. అయితే ఆ రాయి ఏండ్ల తరబడి అక్కడనే ఉంటే క్రింద పట్టా తుప్పు పట్టి తినిపోతుంది. అప్పుడు రాయిని తీసినా ప్రయోజనము కొంచెమే. ఈ పోలికను మరీ దూరము లాగరాదు. పట్టా విరిగితే గ్యాంగుమనుషులు వచ్చి కొత్తది వేస్తారు. వెన్నుపాముకు అట్టి గ్యాంగు లేదు.

ఈ సంగతి మనుషులకు చాలా పూర్వమే తెలుసును. ఈజిప్టులో దొరికిన ఎడ్విన్ స్మిత్ పపైరస్ అనే వైద్యగ్రంథము క్రీ.పూ. 1600 ప్రాంతమున వ్రాసిన ప్రతి. మెడపూస తొలగి, కాళ్ళూ చేతులూ తెలియకుండా పోయిన మనిషిని అందులో వర్ణించి, ఇది వైద్యము చేయదగిన వ్యాధి కాదని తేల్చివేశారు. తరువాత సుమారు మూడువేల అయిదువందల సంవత్సరములు ఆ తీర్పును ఎవరూ గట్టిగా ఎదిరించలేకపోయారు.

ఇక మన కథ. నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇవి అందులో చేరినవి. వానలు తక్కువ, బావినీరే ఆధారము. ఆ పల్లెలలో పిల్లల పండ్ల మీద సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు సర్వసాధారణము. పెద్దవారిలో నడివయస్సు వచ్చేసరికి నడుము వంగదు, మెడ తిరుగదు. పశువులు కూడా కీళ్ళు బిగిసి, అడుగు తీసి అడుగు వేయలేకుండా ఉండేవి. నిజమునకు ఇట్టి వ్యాధిని మొదట గమనించినవారిలో పశువైద్యులు ఉన్నారు. హైదరాబాదు రాజ్యములో కొన్ని చోట్ల పశువులలో ఇది ఉన్నదని 1934లో మహాజన్ తెలిపారు. మనిషికన్న ఎద్దు కుంటితేనే రైతుకు ముందుగా కబురు పంపాలనిపిస్తుంది కాబోలు!

మదరాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు అప్పుడు హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ అధిపతి. ఈయన కాలాజ్వరము మీద పనిచేసి పేరు పొందినవాడు. తరువాత 1948లో గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయములో దాగి పెరుగుతుందని కనుగొన్నవాడు కూడా ఈయనే. షార్టు, ఆయనతో సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లా పల్లెలలో రోగులను పరీక్షించి, నీటిని విశ్లేషించి, ఈ వ్యాధికి కారణము నీటిలోని ఫ్లోరైడు అని 1937లో ప్రకటించారు. మన దేశములో మనుషుల ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్‌ను గుర్తించిన తొలి పరిశోధనగా దీనిని పేర్కొంటారు. అదే సంవత్సరము షార్టు, మదరాసు వైద్యులు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బార్నర్డ్, మన్నాడి నాయర్ కలిసి ఈ వ్యాధిలో ఎముకలు ఎట్లా మారుతవో విపులముగా వ్రాశారు.

వారు చూపిన క్రమము ఇది. మొదట కాళ్ళు చేతులలో తిమ్మిర్లు. తరువాత నడుములో నొప్పి, బిగువు. అది మెల్లగా వెన్నెముక పొడుగునా పైకి ప్రాకుతుంది. పూసకూ పూసకూ మధ్యనుండే కట్లన్నీ ఎముకగా మారి, వెన్నెముక అంతా ఒకే కర్రగా తయారవుతుంది. ప్రక్కటెముకలు కూడా బిగిసినందున రొమ్ము విప్పి ఊపిరి తీయడము కష్టమై, పొట్టతో ఊపిరి తీయవలసి వస్తుంది. చివరకు మంచము. ఈ దశకు చేరినవారిలో నలభై ఏండ్లవారు కూడా ఉండేవారు.

ప్రపంచములో ఇతర చోట్ల అప్పటికి ఏమి తెలుసునో చూచితే నెల్లూరు పరిశోధన విలువ బోధపడుతుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రపు దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే తన ఊరి పిల్లల మచ్చల పండ్లను గూర్చి ఏండ్ల తరబడి విచారించినాడు. ఆ మచ్చలకు నీటిలోని ఫ్లోరైడు కారణమని చర్చిల్ అనే రసాయనజ్ఞుడు 1931లో చూపినాడు. డెన్మార్కులో క్రయొలైటు అనే ఫ్లోరిన్ ఖనిజమును దంచే కార్మికుల ఎముకలు చిక్కబడుతున్నవని 1932లో తెలిసినది. కాయ్ రోహోమ్ ఆ కార్మికులను పరీక్షించి పెద్ద గ్రంథము ప్రకటించినది కూడా 1937లోనే. అనగా డెన్మార్కులో కర్మాగారపు దుమ్ముతో వచ్చినది నెల్లూరు జిల్లాలో ఇంటి కడవలోని నీటితో వచ్చినది. కార్మికుడు పని మానుకొనవచ్చును, నీరు మానుకొనేవారెవరు?

ఈ ఫ్లోరైడు ఎక్కడనుండి వచ్చినది? ఇక్కడనే గ్రానైటు ప్రవేశిస్తుంది. గ్రానైటులో ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకము వంటి ఖనిజములు ఉంటవి. వీటిలో ఫ్లోరిన్ ఉన్నది. రాతి పగుళ్ళలో నీరు చాలాకాలము నిలిచియుంటే ఫ్లోరైడు కొంచెము కొంచెముగా కరుగుతుంది. నీటిలో కాల్షియము ఎక్కువగా ఉంటే కాల్షియం ఫ్లోరైడుగా మారి అడుగున పడిపోతుంది. కాని బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియము తక్కువగా ఉండే క్షారనీటిలో అది కరిగియే ఉంటుంది. వానలు తక్కువై, ఎండలకు నీరు ఇగిరి చిక్కబడే ప్రాంతములలో మరీ ఎక్కువ. గ్రానైటు ఉన్న ప్రతి ఊరిలోనూ ఫ్లోరోసిస్ ఉండదు. రాయి, వాన, నీటి గుణము మూడూ కలిసిరావలెను. నల్లగొండలో మూడూ కలిసినవి. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము. మన బావులలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న సందర్భములు కలవు.

ఎముకలో జరిగే మార్పు రసాయనశాస్త్ర ఉపాధ్యాయులకు మంచి ఉదాహరణము. ఎముకలోని గట్టి పదార్థము హైడ్రాక్సీ అపటైటు. అందులోని హైడ్రాక్సిల్ అయాను స్థానములో దాదాపు అంతే పరిమాణము గల ఫ్లోరైడు అయాను చేరి ఫ్లోర్ అపటైటు ఏర్పడుతుంది. ఇది సులభముగా కరుగదు. పైగా ఎముకను నిర్మించే కణములను ఫ్లోరైడు ప్రేరేపిస్తుంది. దానితో ఎముక తన హద్దు దాటి, లిగమెంట్లలోనికీ కండరములు అతుకుకునే చోట్లలోనికీ పెరుగుతుంది. ఎక్స్‌రేలో పూసలు సున్నము పూసినట్లు తెల్లగా కనిపిస్తవి. పెరిగే ఎముక బయటివైపే పెరిగితే మెడ బిగుసుకొనడముతో పోయేది. కాని అది వెన్నుపాము ఉండే గొట్టము లోపలికి కూడా పెరుగుతుంది. మెడలో ఈ గొట్టము వెడల్పు ముందునుండి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్లు. అందులో వెన్నుపాము సగమునకు పైగా ఆక్రమించి ఉంటుంది. మిగిలిన కొద్ది చోటు తినివేయబడగానే పామును నాలుగు వైపులా ఎముక నొక్కుతుంది. మెడలో నొక్కుడు ఎక్కువ. తరువాత రొమ్ము భాగములో.

నల్లగొండలో ఫ్లోరోసిస్‌ను గూర్చి ఎ.హెచ్. సిద్దికీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చినది. అంతటితో నల్లగొండ పేరు ప్రపంచ వైద్యులకు తెలిసినది. ఊరికి ఇట్లా పేరు రావడము ఎవరూ కోరుకునేది కాదు. 1961లో పంజాబులోని పాటియాలా వైద్యులు అమర్‌జిత్ సింగ్, జాలీ మొదలైనవారు ఈ వ్యాధిలో నాడీమండలమునకు కలిగే హానిని గూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాశారు. ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవారిలో సుమారు 10 శాతమునకు వెన్నుపాము గాని, దాని నాడుల మొదళ్ళు గాని నలుగుతవని అంచనా.

తెలుగుదేశములో ఈ పనిని తన జీవితపు పనిగా చేసినవారు హైదరాబాదు నాడీశస్త్రచికిత్సకులు డాక్టరు దేమె రాజారెడ్డి. పాత నాణెముల చరిత్ర వ్రాసిన వారుగా కొందరు పాఠకులు వీరిని ఎరిగి ఉంటారు. ఆ రాజారెడ్డి, ఈ రాజారెడ్డి ఒక్కరే. నాడీవైద్యులు ప్రపంచమంతటా సంప్రదించే హ్యాండ్‌బుక్ ఆఫ్ క్లినికల్ న్యూరాలజీలో 1979లో ఎముకల ఫ్లోరోసిస్ అధ్యాయము వ్రాసినది వీరే. మూడు దశాబ్దముల తరువాత 2009లో న్యూరాలజీ ఇండియాలో మళ్ళీ ఆ విషయమునే సమీక్షించారు.

వీరివద్దకు వచ్చే రోగి ఎట్లుంటాడు? చేతి కండరములు కరిగి, పట్టు సడలి ఉంటుంది. కాళ్ళు కర్రల వలె బిగిసి నడక తడబడుతుంది. కొందరికి మూత్రము మీద అదుపు తప్పుతుంది. వెన్నుపూసకు క్షయ వచ్చినా, మెడపూసలు అరిగినా, మరికొన్ని నాడీవ్యాధులలోనూ ఇట్టి లక్షణములే ఉంటవి. మరి గుర్తుపట్టడము ఎట్లా? వ్యాధి మెడలో ఉండగా ముంజేతికి ఎక్స్‌రే తీస్తారు! ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఒక పలుచని పొర ఉన్నది. ఫ్లోరోసిస్‌లో ఆ పొర అంచు ఎముకగా మారి ముళ్ళ వలె కనిపిస్తుంది. మెడలో దాగినదానిని చెయ్యి చెప్పివేస్తుంది. ఖర్చు లేని పరీక్ష. పల్లెకు దగ్గర ఆసుపత్రిలోనైనా జరుగుతుంది.

శస్త్రచికిత్స పేరు లామినెక్టమీ. వెన్నుపూస వెనుకనున్న కప్పును తొలగించి పాముకు చోటు కల్పించడము దీని ఉద్దేశము. మామూలు ఎముకనైతే చికిత్సకుడు పనిముట్టుతో కొరికి తీస్తాడు. ఫ్లోరోసిస్ ఎముక అట్లా లొంగదు. దానిని డ్రిల్లుతో అరగదీయవలెను. క్రింద, కాగితము మందము చోటు కూడా లేకుండా, అప్పటికే నలిగిన వెన్నుపాము ఉంటుంది. చెయ్యి కొంచెము జారినా, పనిముట్టు అంచు లోపలికి కొంచెము దిగినా, నడవగలిగి వచ్చినవాడు నడవలేక పోతాడు. మెడ బిగుసుకొని ఉన్నందున మత్తు ఇచ్చే వైద్యుడు గొంతులోనికి గొట్టము పంపడానికీ కష్టపడవలసినదే.

ఇంత చేసిన తరువాత ఫలితము? కొందరు లేచి నడిచారు. కొందరిలో వ్యాధి ముదరకుండా ఆగినది, అంతే. కొందరిలో ఏ మార్పూ రాలేదు. ఒకే నీరు, ఒకే వ్యాధి, ఒకే శస్త్రచికిత్స ఉండగా ఈ తేడా దేనివలన? పైన చెప్పిన బండరాయి సంగతియే. వెన్నుపాము కొద్దిగా నలిగినప్పుడు మొదట దెబ్బతినేవి తంతువుల మీదనుండే మయిలిన్ తొడుగులు. అవి తిరిగి ఏర్పడగలవు. నొక్కుడు ఏండ్ల తరబడి సాగితే రక్తము అందక తంతువులు తెగుతవి, కణములు చస్తవి. అప్పుడు ఎముకను తీసివేయడము చికిత్సలో సగమే అవుతుంది. మిగిలిన సగము, అనగా తెగినదానిని అతకడము, ఎవరి చేతిలోనూ లేదు. ప్రమాదములలో ఏండ్లు గంటలుగా మారుతవి. మెడకు దెబ్బతగిలిన వారిలో 24 గంటల లోపల నొక్కుడు తీసివేస్తే ఫలితము మెరుగని ఫెలింగ్స్ మొదలైనవారు 2012లో చూపారు. ఆ గంటలలో వాపు, రక్తస్రావము కలిసి మొదటి దెబ్బకన్న ఎక్కువ చెరుపు చేయవచ్చును.

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు వద్దాము. ఎందుకు అతకదు?

స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ సూక్ష్మదర్శినిలో తెగిన నాడులను సంవత్సరముల తరబడి చూచి, 1913-14లో ఒక మహాగ్రంథము ప్రకటించినాడు. చేతిలో, కాలిలో తెగిన నాడి మెల్లగా పెరిగి తిరిగి తన చోటు చేరుకుంటుంది. వెన్నుపాములోని తంతువు కూడా మొలక వేస్తుంది. కాని కొద్ది దూరము పోయి ఆగి, ఎండిపోతుంది. తంతువుకు పెరిగే శక్తి లేదా, లేక దానిచుట్టూ ఉన్న నేల మంచిది కాదా? ఈ ప్రశ్న చాలాకాలము తేలలేదు. 1981లో మాంట్రియల్‌లో డేవిడ్, అగ్వాయో ఎలుక కాలినుండి నాడిముక్క తీసి, ఒక కొనను మెదడు మొదటిలోనూ మరొక కొనను వెన్నుపాములోనూ వంతెన వలె నాటారు. వెన్నుపాము తంతువులు ఆ వంతెనలో సుమారు మూడు సెంటీమీటర్లు పెరిగినవి. వంతెన దాటి మళ్ళీ వెన్నుపాములో ప్రవేశించగానే ఆగిపోయినవి. కాబట్టి లోపము విత్తనములో మాత్రమే కాదు, నేలలోనూ ఉన్నది. ఆ నేలలో పెరుగుదలను అడ్డగించే పదార్థము మయిలిన్‌లోనే ఉన్నదని జూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ 1980లలో చూపినాడు. దానికి నోగో అని పేరు వచ్చినది. అనగా, ఇటు పోరాదు అని! ఈ నోగోను అణచే యాంటీబాడీని మెడ దెబ్బ తగిలినవారికి ఇచ్చి చూచిన పెద్ద పరీక్ష ఫలితములు 2024 చివర వెలువడినవి. మొత్తము మీద అనుకున్న మేలు కనబడలేదు. పాము పూర్తిగా తెగనివారిలో కొంత ఆశ కనిపించినది.

ఈ రంగములో ఆశాభంగములు కొత్త కావు. 1990లో మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే మందును ఎనిమిది గంటల లోపల ఇస్తే మేలని అమెరికాలో తేల్చి, లోకమంతా వాడినది. 2013 నాటికి అమెరికా నాడీశస్త్రచికిత్సకుల సంఘములే దానిని వాడవద్దని సలహా ఇచ్చినవి. 2010లో పిండ మూలకణములతో మొదలుపెట్టిన తొలి పరీక్షను దానిని ప్రారంభించిన కంపెనీయే మరుసటి సంవత్సరము ఆపివేసినది. జపానులో కైయో విశ్వవిద్యాలయము వారు పెద్దవారి కణములనే వెనుకకు త్రిప్పి మూలకణములుగా చేసి, వాటినుండి పెంచిన నాడీకణములను నలుగురు రోగులలో నాటారు. 2025 మార్చిలో ఫలితములు చెప్పారు. ఇద్దరిలో మెరుగు కనిపించినది; ఒకరు ఆధారము లేకుండా నిలువగలిగారు. నలుగురిని చూచి శాస్త్రము తీర్పు చెప్పదు. కొందరికి తమంతట తామే కొంత మెరుగు వస్తుంది గదా.

ఇంతకన్న త్వరగా ముందుకు సాగినది విద్యుత్ప్రేరణ. ఇది తెగిన తంతువును అతకదు. పూర్తిగా తెగినదనుకున్న వెన్నుపాములో కూడా తరచుగా కొన్ని తంతువులు మిగిలి ఉంటవి. వాటి గొంతు సన్నబడినందున క్రింది కణములకు వినబడదు. ఆ కణములను చిన్న విద్యుత్తుతో మేలుకొలిపి ఉంచితే సన్నని గొంతు కూడా వినబడుతుంది. 2018లో స్విట్జర్లాండులో కుర్టీన్, బ్లోక్ ఈ పద్ధతితో కొందరిని నడిపించారు. 2023లో మెదడునుండే ఆజ్ఞను యంత్రము ద్వారా గ్రహించి వెన్నుపాముకు అందించారు. చర్మము మీదనుండే విద్యుత్తు పంపే పరికరమును మెడ దెబ్బతో చేతులు బలహీనమైన 60 మంది మీద పరీక్షించగా, 72 శాతము మందికి చేతిబలము, చేతిపని రెండూ మెరుగుపడినవి. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము దానిని అనుమతించినది. ఈ ప్రయోగములన్నీ దెబ్బతగిలినవారి మీద జరిగినవి. నీటివలన నలిగిన వెన్నుపాములో కూడా మిగిలిన తంతువులు ఉండవచ్చును గనుక నల్లగొండ రోగికి కూడా ఇది ఏదో ఒకనాడు ఉపయోగపడవచ్చునని నా ఊహ, ఊహ మాత్రమే.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. మూలకణములతో కాళ్ళు తెప్పిస్తామని లక్షలు తీసుకునే వైద్యశాలల ప్రకటనలు పత్రికలలో చూస్తుంటాము. వెన్నుపాము దెబ్బకు మూలకణ చికిత్స ఇంకా పరిశోధనలోనే ఉన్నదనీ, ఆమోదించిన పరీక్షలలో తప్ప దానిని ఇవ్వరాదనీ భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమములలో ఉన్నది. పరీక్షలో పాల్గొనే రోగి చికిత్సకు డబ్బు చెల్లించడు. పొలము అమ్ముకునేముందు ఇంటివారు అడుగవలసిన మొదటి ప్రశ్న అదే.

అతుకని వెన్నుపాముతో కూడా బ్రతుకవచ్చునని తెలిసినది సైతము ఇటీవలి సంగతియే. మొదటి ప్రపంచయుద్ధము నాటికి వెన్ను విరిగిన సైనికులలో అత్యధికులు వారములలోనే పుండ్లు పడి, మూత్రపిండములు చెడి చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్‌విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు రోగిని పగలూ రాత్రీ రెండేసి గంటలకు ప్రక్కకు తిప్పించినాడు. పుండ్లు తగ్గినవి, మనుషులు బ్రతికారు. 1948లో వారిచేత ఆటలు ఆడించినాడు. నేటి పారాలింపిక్సు వాటినుండి పుట్టినవే. మనవైపు రోగులు ఎరిగినది రాయవేలూరు. అక్కడ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలికి 1954లో మోటారు ప్రమాదములో వెన్నుపాము తెగినది. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి, న్యూయార్కు వెళ్ళి పునరావాస వైద్యము నేర్చి వచ్చి, రాయవేలూరులో ఆ శాఖను నడిపించారు. ఏ తంతువూ అతుకకుండానే జరిగిన పనులివి.

నీటి సంగతి మిగిలినది. షార్టు వ్యాసము వచ్చిన తరువాత దశాబ్దముల తరబడి పల్లెలు అదే నీరు త్రాగినవి. నల్లగొండ జిల్లా అంచుననే నాగార్జునసాగరము 1955లో మొదలై, 1967లో కాలువలకు నీరు వదిలినది. కాని మెట్టప్రాంతములకు దిక్కు బావులు, బోర్లే. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతపు యువకులలో కొత్త రూపము చూచారు. మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నవి. జలాశయము వలన భూగర్భజలము పెరిగి, నేల గుణము మారి, జొన్నలలో మాలిబ్డినము ఎక్కువై శరీరములోని రాగి నష్టమవుతున్నదని ఆ సంస్థవారు అనుమానించారు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ కనుగొన్న నీటిశుద్ధి పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. 1975లో దానిని ప్రకటించారు. నీటిలో సున్నము, బ్లీచింగు పొడి, పటిక కలిపి బాగా త్రిప్పి, గంటసేపు తేరనిస్తే పటికనుండి ఏర్పడిన అల్యూమినియం హైడ్రాక్సైడు మేఘముల వలె ఫ్లోరైడును పట్టుకొని అడుగున దిగుతుంది. ప్రయోగశాలలో ఇది అరగంట పాఠము. పల్లెలో మాత్రము ప్రతిరోజూ పాళ్ళు తప్పకుండా కలపాలి, మడ్డిని తీసి పారవేయాలి, పటిక సమయానికి రావాలి. పద్ధతి మంచిదే, చాలా చోట్ల దానిని నిలబెట్టే మనిషి లేడు. చివరకు నిలిచినది బావిని వదలి నదికి పోవడమే. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముతో కృష్ణా, గోదావరుల నీరు గొట్టములలో ఇండ్లకు వచ్చినది.

అయితే నీరు మారినంత త్వరగా ఎముక మారదు. ఎముకలో చేరిన ఫ్లోరైడు బయటికి పోవడానికి ఏండ్లు పడుతుంది. ఇరుకైన వెన్ను గొట్టము తనంతట తాను వెడల్పు కాదు. బాల్యమంతా బోరునీరు త్రాగి ఇప్పుడు యాభై, అరవై ఏండ్ల వయస్సులో ఉన్నవారి మెడలో ఆ నొక్కుడు ఇంకా సాగుతూనే ఉండవచ్చును. గడ్డము రొమ్ముకు ఆనించమనండి. చేతులు తల వెనుకకు పెట్టమనండి. మోకాళ్ళు వంచకుండా కాలి బొటనవ్రేలు ముట్టుకొనమనండి. చేయలేనివారికి నడక కూడా తడబడుతుంటే ముంజేతి ఎక్స్‌రే, మెడకు ఎం.ఆర్.ఐ. తీయించవలెను, అదీ కాళ్ళు ఇంకా నడుస్తున్నప్పుడే.

నల్లగొండకు పోయే లైను కాజీపేట-సికింద్రాబాదు మార్గములోని బీబీనగరు దగ్గర చీలుతుంది. కిందటి వేసవిలో ఆ ప్లాట్‌ఫారము మీద ఒక వృద్ధుడు నల్లగొండ బండి కోసము నిలబడి ఉన్నాడు. వెనుకనుండి బండి కూత వినబడగా అందరూ తల త్రిప్పి చూచారు. ఆయన మాత్రము కర్ర ఆనించి, పాదములు కొంచెము కొంచెముగా జరుపుకుంటూ మొత్తము శరీరమునే త్రిప్పుకున్నాడు. సాయము పట్టబోయిన నాతో, "మెడ తిర్గది బిడ్డా, మనిషే తిర్గాలె" అన్నాడు. ఆయన వెంట వచ్చిన మనుమరాలు నవ్వింది. ఆ పిల్ల పండ్ల మీద మచ్చలు లేవు.